దొడ్డప్ప పిలిచినాడు

పోయిన వారం అంబికను మదనపల్లెలో మురళి రిపేరు షాపు కౌంటరు ముందు నిలబెట్టి మన దారిన మనం వచ్చేశాం. పాపం, వారం రోజులుగా ఆమె అక్కడే నిలబడి ఉంది. కొత్తగా వచ్చి కూర్చున్న వాళ్ళ కోసం నాలుగు మాటలు చెప్పి ఆమె దగ్గరికి పోదాం.

అంబిక మొగుడు మునిశేఖర్ చనిపోయి నలభై మూడు రోజులు. ఒక ప్రైవేటు డెయిరీలో, బీమా చేసిన ఆవుల చెవులకు నంబరు బిళ్ళలు వేసి, ఆ నంబర్లూ ఫోటోలూ ట్యాబులోకి ఎక్కించే ఉద్యోగం అతనిది. కుప్పం అవతల రైలు పట్టాల పక్కన శవం దొరికింది. ఫోను దొరకలేదు. రైలు కింద నుజ్జయి ఉంటుందన్నారు. అంబిక ఫోనులో మాత్రం అతను పంపిన ఆఖరి మెసేజి మిగిలింది: "దొడ్డప్ప పిలిచినాడు. కుప్పం పోతాండా. పొద్దుగూకే లోపల వస్తా."

ఆ పేరు పట్టుకుని పోలీసులు పెద్దపంజాణిలో ఆవుల వ్యాపారం చేసే దొడ్డప్పను తెచ్చి లోపల వేశారు. చెవి బిళ్ళ లేని ఆవును రాసుకోనన్నందుకు అంతకు వారం ముందే అతను సంతలో పదిమంది ఎదుట మునిశేఖర్ చొక్కా పట్టుకున్నాడు. కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. అనుమానం రాని వాళ్ళలో అంబిక మొదటిది.

దొడ్డప్ప పెళ్ళాం రామక్క ప్రతి సోమవారం బస్సెక్కి వచ్చి, అంబిక పనిచేసే రక్తపరీక్షల ల్యాబు మెట్ల మీద కూర్చుంటుంది. ఏడవదు, తిట్టదు. "మా ఆయప్పకు కుప్పంలో ఎవురూ లేరమ్మా. ఆడికి యాల పిలుస్తాడు, నువ్వే సెప్పు" అని అడుగుతుంది. కాసేపు చూసి లేచి పోతుంది. ఆ ప్రశ్నకు అంబిక దగ్గర జవాబు లేదు. లేకపోబట్టే ఆమెకు రామక్క మీద అంత కోపం.

ఇక షాపులోకి పోదాం. చనిపోయే ముందు రోజు మునిశేఖర్ అద్దం పగిలిన ట్యాబును మురళికి ఇచ్చాడు. కొత్త అద్దం బెంగుళూరు నుంచి రావడానికి ఇన్నాళ్ళు పట్టింది. మురళి దాన్ని బిగించి, షాపు వైఫైకి తగిలించి, పిన్ను కొట్టమని అంబిక ముందుకు జరిపాడు. ఆమె కొట్టిన క్షణం ట్యాబు టింగుమంది. మళ్ళీ టింగుమంది. చనిపోయిన మనిషి మెసేజీలు ఒకదాని కింద ఒకటి వచ్చి పడసాగాయి.

"ఇవన్నీ యాడి నుంచి వస్తాండాయి మురళీ?" అంది అంబిక.

"అన్న ఫోనూ ట్యాబూ కలిపి పెట్టుకోనుండాడక్కా. సింకు అంటారు. ఫోన్లో ఉండేదంతా దీంట్లోకీ వస్తాది. అన్న రాసిందీ, వాళ్ళు రాసిందీ, అన్నీ" అన్నాడు మురళి. అతనికి నలభై ఏళ్ళు, మెత్తటి మనిషి. ఆ మాట అనేసి, చూడకూడనిది చూస్తున్నట్టు పక్కకు తిరిగి స్క్రూలు ఏరుకోవడం మొదలుపెట్టాడు.

అంబిక వేలితో తోసుకుంటూ చివరి రోజుకు వచ్చింది. తనకు వచ్చిన మెసేజి ఉంది. పదకొండూ నలభై రెండుకు. దానికి నాలుగు నిమిషాల ముందు అవే మాటలు, ఒక్క అక్షరం తేడా లేకుండా, ఇంకొకరికి పోయాయి. ఆ ఇంకొకరి పేరు మమత. మునిశేఖర్ సొంత చెల్లెలు. దాని కింద మమత జవాబు ఉంది.

"ఒంటిగా పోవద్దన్నా. దొడ్డప్ప మండిపోతాండాడు. బిళ్ళల సంగతి ఎత్తొద్దు."

దానికి మునిశేఖర్ "సూస్తాలే" అన్నాడు. అంతే. ఆ తర్వాత అతను ఎవరికీ ఏమీ రాయలేదు.

అంబిక ఆ మూడు ముక్కలూ పదిసార్లు చదివింది. శవం ఇంటికి వచ్చిన రోజు మమత తన మెడ పట్టుకుని సొమ్మసిల్లిపోయింది. కర్మంతరాల దాకా పక్కనే పడుకుంది. దొడ్డప్ప పేరు పోలీసుల నోట్లోనూ, పేపర్లోనూ, వీధిలోనూ నానుతుంటే వింటూ కూర్చుంది. తనకూ ఆ మెసేజి వచ్చిందని గానీ, వాడు కోపంగా ఉన్నాడని తనకు ముందే తెలుసని గానీ ఒక్క మాట అనలేదు. ఆవుల వ్యాపారితో ఈ పిల్లకు ఏం పని? అంబికకు ఒళ్ళు మండిపోయింది. ట్యాబును సంచిలో వేసుకుని, మురళికి చెప్పను కూడా చెప్పకుండా పుంగనూరు బస్సెక్కింది.

బస్సులో గంటసేపు ఏం అడగాలో, ఎట్లా అడగాలో వరస పెట్టుకుంది. ఇట్లాంటివి ఎంత వరస పెట్టుకున్నా గడప దగ్గరికి వచ్చేసరికి మొదటి మాటే మర్చిపోతాం. అంబికకూ అంతే అయింది.

మమత కుట్టుమిషను ముందు కూర్చుని జాకెట్టుకు చేతులు కుడుతోంది. పుంగనూరులో వాళ్ళది రెండు గదుల అద్దె ఇల్లు. మొగుడు శేఖర్ పాల వ్యాను తోలతాడు. వదినను చూసి మమత గభాలున లేచింది.

"రా వదినా. సెప్పకుండా వచ్చినావే."

"సెప్పి వస్తే నువ్వు ఉంటావో ఉండవో అని."

అంబిక తన ఫోను నుంచి నెట్టు ఇచ్చి ట్యాబు తెరిచింది. మమత పేరు మీద వేలు పెట్టి, ఆ మూడు మెసేజీలు కనబడేలా కుట్టుమిషను మీద, జాకెట్టు గుడ్డ మీదే పెట్టింది. మమత వంగి చూసింది. తన మాటలే తనకు కనిపించాయి. ఆ పిల్ల మొహంలో నెత్తురు చుక్క లేదు.

"నీళ్ళు తెస్తానుండు" అని లోపలికి పోయింది.

నీళ్ళు తేవడానికి పట్టే సమయం కంటే చాలా ఎక్కువ పట్టింది. అంబిక నిలబడే ఉంది. ఈ ఇంట్లో కూర్చోకూడదని బస్సులోనే అనుకుంది, అది ఒక్కటే ఆమెకు గుర్తుంది. మమత చెంబుతో వచ్చేసరికి కళ్ళు తుడుచుకున్న గుర్తులు కనిపిస్తున్నాయి.

"నీకు దొడ్డప్ప తెలుసు" అంది అంబిక. "వాడు మండిపోతాండాడనీ తెలుసు. బిళ్ళల గొడవా తెలుసు. నా పక్కన పడుకోని, నా కన్నీళ్ళు తుడిచి, నోరు మెదపలేదు నువ్వు. ఆ నా కొడుకు నీకేమవుతాడు మమతా?"

"అట్లా అనొద్దు వదినా."

"ఎట్లా అనాల?"

"పెద్దోడు. మమ్మల్ని సాకినోడు. నోటికొచ్చినట్టు అంటే నాకు కష్టంగా ఉంటాది."

అంబికకు అర్థం కాలేదు. మునిశేఖర్‌కు ఎనిమిదేళ్ళప్పుడు తండ్రి పోయాడు. ఆ తర్వాత అన్నాచెల్లెళ్ళను పెంచింది ఎవరో ఆమెకు బాగా తెలుసు.

"పెద్దపంజాణి ఆవుల వ్యాపారి మిమ్మల్ని సాకినాడా?"

"ఆయప్ప ఎవురో నాకు తెల్దు. మొగం కూడా ఎరగను."

"మరి ఏ దొడ్డప్ప?"

మమత చెంబు కింద పెట్టింది. తల ఎత్తలేదు. "మాకు ఉండేది ఒకడే కదా వదినా. మా నాయనకు అన్న. మీ పక్క పెదనాయన అంటారు. మా కుప్పం పక్క దొడ్డప్ప అంటాము. కన్నడం మాట."

బయట ఎవరో గ్యాసు సిలిండరు దొర్లించుకుంటూ పోయారు.

"మీ ఇంట్లో ఆ మాట నేనెప్పుడూ వినలేదు" అంది అంబిక చివరికి.

"నీ ముందర అనడం మానేసినాము. నీకు గుర్తు లేదా? పెండ్లిలో అన్న, దొడ్డప్ప వచ్చినాడు దండం పెట్టు అంటే, మీ అమ్మ నవ్వింది. దొడ్డప్ప ఏందప్పా, దొడ్లో ఉంటాడా అనింది. అందరూ నవ్విరి. నువ్వూ నవ్వినావు. అప్పట్నుంచి అన్న మీ ఇంట్లో పెదనాయన అనే అనేవాడు. నాకు మాత్రం మా మాటే రాసేవాడు."

అంబికకు గుర్తుంది. గుర్రంకొండలో పెళ్ళి. ఆమె తల్లి మునిరత్నమ్మకు నోటి దురుసు, మనసులో ఏమీ ఉండదు. ఆ మాట అనేసి ఐదు నిమిషాల్లో మర్చిపోయి ఉంటుంది. మునిశేఖర్ చెవులు ఎర్రబడడం అంబిక చూసింది. చూసి ఇంకా నవ్వింది. ఆరేళ్ళ కాపురంలో అతను మళ్ళీ ఆ మాట అనలేదు. ఆ రోజు మళ్ళీ కొట్టే తీరిక లేక, చెల్లెలికి పంపిందే పెళ్ళానికీ పంపాడు. అలవాటు తప్పి, ఇంటి మాట ఆమెకు పంపాడు. ఆమె దాన్ని పేరనుకుంది.

ఇంకొకటి కూడా గుర్తొచ్చింది. అది గుర్తొచ్చాక ఆమె కూర్చోకుండా ఉండలేకపోయింది. గోడ పట్టుకుని అలాగే నేల మీదికి జారింది.

పోలీసు స్టేషనుకు ఆమెను తీసుకుపోయింది గంగులయ్యే. ఆ పెదనాయనే. కుప్పం దగ్గర నలభై ఆవుల షెడ్డు, మనిషిని చూస్తే లేచి నిలబడాలనిపించే నెరిసిన మీసం. శవానికి తల దగ్గర నిలబడి అన్నీ దగ్గరుండి చేయించాడు. ఆమె తల మీద చేయి పెట్టి, నేనుండాను కదమ్మా అన్నాడు. ఎస్సై మెసేజి చూపించి, ఈ దొడ్డప్ప ఎవరు అని అడిగితే అంబిక దిక్కు తోచక ఆయన వైపే చూసింది. ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని నిదానంగా చదివాడు. "పెద్దపంజాణిలో ఆ పేరుగలోడు ఒకడుండాడు సార్. మా వాడితో తగువు పడినాడని విన్నాను" అన్నాడు. అంబిక అవునని తల ఊపింది. ఆ ఊపిన తలతోనే ఆవుల వ్యాపారి జైల్లో పడ్డాడు. తనను పిలిచే పిలుపును ఇంకొకడి పేరు చేసి, చెమట కూడా పట్టకుండా అప్పజెప్పాడా ముసలాయన. మనిషన్నవాడు అంత పని చేయగలడని అంబికకు అంతవరకూ తెలియదు.

"బిళ్ళల సంగతి ఏంది?" అంది.

మమత చెప్పింది. చెప్పడం మొదలుపెట్టాక ఆపుకోలేకపోయింది. గంగులయ్య షెడ్డులో బీమా లేని ఆవు చచ్చినప్పుడల్లా, బీమా ఉన్న, బతికున్న ఆవు చెవి నుంచి బిళ్ళ తీసి చచ్చినదానికి తగిలించి బీమా డబ్బులు తీసుకునేవాడు. ఫోటో తీసి సరే అని ట్యాబులో కొట్టాల్సింది మునిశేఖర్. రెండుసార్లు పెద్దాయన మొహం చూసి కొట్టాడు. మూడోసారి కొట్టనన్నాడు. పై ఆఫీసుకు చెప్తానన్నాడు. అందుకే గంగులయ్య పిలిచాడు.

"కొట్టినాడా? తోసినాడా? పట్టాల కాడికి ఎట్లా పోయినాడు మీ అన్న?"

"నాకు తెల్దు వదినా. శేఖర్ తోలేది ఆయన వ్యానే. ఒకనాడు శేఖర్‌నే అడిగితే, నీకు నేనుండాలని ఉంటే ఆ మాట మళ్ళా ఎత్తొద్దన్నాడు. నేను ఎత్తలేదు." మమత ముక్కు చీదింది. "అన్న ఎట్లాగూ పోయినాడు. మొగుణ్ణి కూడా పోగొట్టుకోను నాకు ధైర్యం లేదు. తప్పే. నువ్వు కొట్టినా పడతాను."

అంబికకు ఆమెను కొట్టాలనే అనిపించింది. అంతలోనే జాలీ వేసింది. రెండూ ఒకేసారి కలగడం ఆమెకు అసహ్యంగా ఉంది.

"మెట్ల మీద ఒకామె వచ్చి కూర్చుంటాది, సోమవారం సోమవారం" అంది. "నా మొగుడు కుప్పంలోకి యాల పిలుస్తాడు అని అడుగుతాది. నేను ఆమె మొగాన తలుపేసినాను. ఆ మనిషి ఏ పాపం ఎరగడు మమతా. వాళ్ళమ్మా నాయనా పెట్టిన పేరు, అంతే వాడు చేసిన తప్పు. లెయ్. ఈ ట్యాబు తీసుకోని పోలీసుల కాడికి పోదాం. నువ్వు రాసింది దీంట్లో ఉండాది. నువ్వు నోటితో దొడ్డప్ప అంటే ఎవురో సెప్పు, చాలు."

"నన్ను పిలవొద్దు వదినా. నీకు దండం పెడతా."

"సరే, రాకు. ఇది చాలు నాకు" అని అంబిక లేచి, మిషను మీది ట్యాబును తీసుకుంది.

మునిశేఖర్ రాసిన "సూస్తాలే" కనిపించలేదు.

వేలు తగిలి పైకి జరిగిందేమో అనుకుని కిందికి తోసింది. లేదు. చూస్తుండగానే దాని పైన ఉన్న మమత జవాబు మాయమైంది. బిళ్ళల సంగతి ఎత్తొద్దు అన్న మాట ఉన్నచోట తెల్లగా అయింది. తను ఏమీ నొక్కలేదు. రెండు చేతులూ ట్యాబు అంచుల మీదే ఉన్నాయి. భయపడి దాన్ని మళ్ళీ మిషను మీద పెట్టి, తన ఫోను నుంచి మురళికి ఫోను చేసింది. జరుగుతున్నది చెప్పింది.

"అక్కా, అది ట్యాబు తప్పు కాదు" అన్నాడు మురళి. "ఫోన్లో తీసేస్తే దీంట్లోనూ పోతాయి. ఎవురో ఫోన్లో తీసేస్తాండారు. నాకు అప్పుడే తట్టాల్సింది. ఫోను నుజ్జయ్యుంటే పొద్దున మెసేజీలు అసలు వచ్చే దారే లేదు. అన్న ఫోను యాడో బాగానే ఉండాది. సిమ్ము లేకపోయినా వైఫై, లేదంటే పక్కోడి ఫోను నెట్టు ఉంటే చాలు. ఇప్పుడు ఎవురి చేతిలోనో ఉండాది. ముందు నువ్వు నెట్టు ఆపక్కా, నెట్టు."

నెట్టు ఆపే గుర్తు మీద అంబిక వేలు పడడానికి మూడుసార్లు పట్టింది. అప్పటికి మమత పేరే లేదు. తన పేరూ లేదు. పాల సెంటరు తెరిచే వేళలు, గాలికుంటు టీకా తేదీలు, రీచార్జి గడువు అయిపోయిందన్న హెచ్చరిక, అవి మాత్రం భద్రంగా ఉన్నాయి.

ఆమె నెమ్మదిగా మరదలి వైపు తిరిగింది.

"నీళ్ళకని లోపలికి పోయినావే. ఎవురికి సెప్పినావు?"

"శేఖర్‌కు." మమత గొంతు గుసగుసలా వచ్చింది. "వదిన ట్యాబు తెచ్చింది, మెసేజీలన్నీ ఉండాయి, నాకు భయంగా ఉండాది, ఇంటికి రా అన్నాను. అంతే వదినా. మా అమ్మ మీద ఒట్టు."

"శేఖర్ యాడ ఉండాడు?"

"నేను సెప్పినప్పుడు చౌడేపల్లెలో. పాల సెంటరు కాడ." మమత ట్యాబు వైపు చూసింది. "దొడ్డప్పతో."

నలభై మూడు రోజులు. తన మొగుడి ఫోనును ఆ మనిషి దాచి పెట్టుకున్నాడు. కర్మంతరం రోజు విస్తరి ముందు కూర్చుని పాయసం ఇంకొంచెం వడ్డించమన్నప్పుడు కూడా అది ఆయన దగ్గరే ఉండి ఉంటుంది. రామక్క మొగుణ్ణి బయటికి తెచ్చే కాగితం ముక్క లాంటిది పొద్దున్నుంచి తన సంచిలో ఉంది. మరదలు ఏడుస్తుంటే వింటూ కూర్చుని దాన్ని పోగొట్టుకుంది. ఫోటో తీసి పెట్టుకోవాలని కూడా తోచలేదు. తన మీద తనకు పుట్టిన కోపంలో ఇంకొక సంగతి తట్టింది.

"మమతా. నీ ఫోన్లో ఉండాదా అది?"

మమత చేయి రవికె లోపలికి పోయి, అక్కడ దోపుకున్న ఫోనును అదుముకుంది.

"తీసేసినావా?"

"తీసెయ్యమనే అన్నాడు శేఖర్. తీసేసినానని అబద్ధం సెప్పినా." అంది మమత. "అన్న నాకు పంపిన ఆఖరిది వదినా. సూస్తాలే అన్నాడు. మనసు రాలేదు నాకు."

అంబిక చేయి చాపింది. "నేను లాక్కోను. నువ్వే ఇయ్యాల. అన్న కోసరం వద్దు, నా కోసరం వద్దు. ఆ రామక్క మొగుడి కోసరం ఇయ్యి."

మమత ఫోను బయటికి తీసింది. రెండు చేతుల్లో పట్టుకుని వదిన చేతి వైపు చూసింది. వీధి వైపు చూసింది. ఆ పిల్ల ఇరవై ఆరేళ్ళ బతుకులో ఒక్కనాడూ గంగులయ్య మాట జవదాటింది లేదు. మెల్లగా చేయి ముందుకు జరిపింది. ఇంకో జానెడు జరిపి ఉంటే అంబిక చేతిలో పడేదే. సరిగ్గా అప్పుడు ఫోను మోగింది.

అద్దం మీద పేరు ఇద్దరికీ కనిపించింది. దొడ్డప్ప.

ఎత్తకపోతే అనుమానం వస్తుంది, ఎత్తితే ఏం చెప్పాలి. మమత మొహంలో ఆ రెండూ పెనుగులాడడం అంబిక చూసింది. ఇక ఇంతే, చెప్పేస్తుంది, చిన్నప్పటి నుంచీ చెప్పినట్టే చెప్పేస్తుంది అనుకుంది. మమత ఫోను చెవి దగ్గర పెట్టుకుంది.

"ఆఁ దొడ్డప్పా." గొంతు సవరించుకుంది. "లేదు దొడ్డప్పా, వదిన పోయింది. నేను ఉండమన్నా ఉండలేదు. ఈపాటికి బస్సు కూడా ఎక్కేసుంటాది."

అంబికకు ఆ పిల్లను దగ్గరికి తీసుకోవాలనిపించింది. ఫోనులో అవతలి గొంతు నిదానంగా, వాత్సల్యంగా, గదిలో ఇద్దరికీ వినిపించేంత స్పష్టంగా ఉంది.

"అట్లనా తల్లీ. మరి నీ వాకిట్లో ఈ చెప్పులు ఎవురివి?"